1880లో హార్వర్డ్ చదువు ముగిసినప్పుడు సంబరం ఎలా ఉండేది?

అడిగినవారు 1880లో హార్వర్డ్‌లో చదువు పూర్తిచేసుకునే ఒక కుర్రాడి కథ రాస్తున్నారు. చివరి అధ్యాయంలో నల్లగౌన్లు తొడుక్కున్న విద్యార్థులంతా పట్టాలు అందుకుని, ఒక్కసారిగా టోపీలు గాల్లోకి విసురుతారు, అమ్మానాన్నలు చప్పట్లు కొడతారు. "అప్పట్లో ఇలాగే జరిగేదా, ఇంకేమైనా చేసేవారా? ఇతర కాలేజీల్లో ఎలా ఉండేది?" అన్నది ప్రశ్న. అమెరికాలో ఒక కాలేజీ లైబ్రరీలో పాత కాగితాల విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. 19వ శతాబ్దపు విద్యార్థుల డైరీలు, ఆహ్వానపత్రాలు, ఫొటో ఆల్బమ్‌లు సర్దడమే నా ఉద్యోగం. కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ముందు టోపీల సంగతి తేల్చేద్దాం. టోపీలు పైకి విసరడం 1912లో అనాపొలిస్ నౌకాదళ అకాడమీలో మొదలైంది. ఆ ఏడాది బయటికి వచ్చినవాళ్లకు వెంటనే అధికారి హోదా, అధికారి టోపీ వచ్చేశాయి. విద్యార్థి టోపీతో ఇక పనిలేదు కాబట్టి విసిరిపారేశారు. మీ కథకు అది 32 ఏళ్ల తరవాతి మాట. గౌను కూడా అప్పటికి మామూలు విషయం కాదు. 1887లో విలియమ్స్ కాలేజీ నుంచి వచ్చిన గార్డ్‌నర్ కాట్రెల్ లెనర్డ్ అనే యువకుడు తన తరగతికి గౌన్లు తయారుచేయించాడు. ఏ డిగ్రీకి ఏ గౌను, ఏ రంగు అని కాలేజీలన్నీ కలిసి నియమాలు రాసుకున్నది 1895లో, కొలంబియా కాలేజీలో కూర్చుని. 1880 నాటి మీ కుర్రాడికి నల్లని డ్రెస్ సూటు, తలమీద ఎత్తైన పట్టు టోపీ తొడగండి. ఆ సూటుకు డబ్బులెక్కడివి, ఎవరి దగ్గర అరువు తెచ్చుకున్నాడు అన్నదాన్లోనే మీకొక మంచి సన్నివేశం దొరుకుతుంది.

అసలు మీరు సర్దుకోవాల్సింది ఇంకొకటుంది. పండగ ఒకటి కాదు, రెండు. పట్టాలిచ్చే రోజు కమెన్స్‌మెంట్. అది కాలేజీ వారి పండగ. దానికి కొద్దిరోజుల ముందు వచ్చేది క్లాస్ డే. అది పూర్తిగా విద్యార్థులది. 1880లో కమెన్స్‌మెంట్ జూన్ 30, బుధవారం. క్లాస్ డే దానికి ముందు శుక్రవారం, జూన్ 25. మీరు రాసిన ఆనందమంతా, కన్నీళ్లంతా బుధవారానివి కావు, శుక్రవారానివి. బుధవారంనాడు ఎక్కువమంది విద్యార్థులు కూర్చుని వినడం తప్ప చేసేదేమీ ఉండేది కాదు. లాటిన్‌లో స్వాగతోపన్యాసం, ఎంపికైన కొద్దిమంది ప్రసంగాలు, గుర్రాలమీద అశ్వికదళం వెంటరాగా వచ్చే మసాచుసెట్స్ గవర్నరు, లేచి నిలబడి "సభ నిశ్శబ్దంగా ఉండాలి" అన్నట్టు పిలుపునిచ్చే మిడిల్‌సెక్స్ కౌంటీ షెరీఫు, కాలేజీ ప్రెసిడెంటు కూర్చునే మూడు మూలల పాత కుర్చీ. చూడ్డానికి గంభీరంగా ఉంటుంది, కానీ పట్టా పుచ్చుకునే కుర్రాడు అందులో గుంపులో ఒకడు.

అలాగని కమెన్స్‌మెంట్ ఎప్పుడూ ఇంత పెద్దమనిషి తరహాగా ఉండేదనుకోకండి. 1642లో తొమ్మిదిమంది పట్టభద్రులతో మొదలైన ఆ రోజు, పోనుపోను బోస్టన్ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తిరనాళ్లయిపోయింది. కాలేజీ ఉన్న కేంబ్రిడ్జ్ ఊరి మైదానంలో గుడారాలు వెలిసేవి. తాగుడు, జూదం అన్నీ అక్కడే. విద్యార్థులు తమ గదుల్లో పెట్టే విందులకు హద్దులేకపోవడంతో 1693లో కాలేజీ పాలకవర్గం ఏకంగా ప్లమ్ కేకు మీద నిషేధం పెట్టింది. కేకు మీద నిషేధం అంటే నవ్వొస్తుంది కానీ, ప్యూరిటన్ పాదరీలు నడిపే కాలేజీలో అది గట్టి మాటే.

క్లాస్ డే పుట్టుక దీనికి పక్కనే జరిగింది. చివరి ఏడాది పరీక్షలు అయిపోయాక, పట్టాలివ్వడానికి ముందు, సీనియర్లు కొన్ని వారాలు ఖాళీగా ఉండేవారు. అప్పట్లో కమెన్స్‌మెంట్ ఆగస్టు చివర్లో జరిగేది. విడిపోయే ముందు ఒక రోజు పెట్టుకుని, తమలో ఒకణ్ణి ఉపన్యాసకుడిగా, ఇంకొకణ్ణి కవిగా ఎన్నుకుని వీడ్కోలు చెప్పుకునేవారు. 1821 తరగతి, అంటే ఆ ఏడు చదువు ముగించిన బృందం, ఎన్నుకున్న కవి తరవాత పెద్ద రచయితగా పేరుపడ్డ రాల్ఫ్ వాల్డో ఎమర్సన్. గొప్ప గౌరవమనుకునేరు! ఆయనకంటే ముందు అరడజనుమందిని అడిగితే అందరూ మాకొద్దన్నారు. 59 మంది ఉన్న తరగతిలో ఆయన స్థానం 30. సభ అయ్యాక అసలు కార్యక్రమం మరోచోట ఉండేది: ఆవరణలోని ఎల్మ్ చెట్టు కింద పంచ్ అనే మద్యం కలిపిన పానీయం పోసుకుని తాగడం, చేతులు పట్టుకుని చెట్టుచుట్టూ గంతులేయడం.

1829 నుంచి 1845 దాకా ప్రెసిడెంటుగా ఉన్న జోసయా క్విన్సీ కాలంలో ఇది మారింది. 1834లో విద్యార్థులు పెద్ద తిరుగుబాటు చేసి కాలేజీని అతలాకుతలం చేశారు. కుర్రాళ్లను అణచడం కంటే వాళ్ల పండగకు ఆడవాళ్లను పిలిపించడం మేలని అప్పుడే ఎవరికో తట్టినట్టుంది. 1830ల చివరికల్లా అక్కచెల్లెళ్లు, తల్లులు, కాబోయే భార్యలు అతిథులుగా రావడం, బ్యాండు, నృత్యం మొదలయ్యాయి. తాగి చెట్టుకింద పడిపోయే రోజు కాస్తా ముస్లిన్ గౌన్లు, విసనకర్రల రోజైంది. నా ఉద్దేశంలో నిషేధాలన్నీ కలిపి చేయలేని పని ఈ ఆహ్వానపత్రాలు చేశాయి.

1838 తరగతి కవి జేమ్స్ రస్సెల్ లోవెల్ కథ కూడా ఇక్కడే చెప్పాలి. చదువు నిర్లక్ష్యం చేశాడని కాలేజీ అతన్ని కమెన్స్‌మెంట్ దాకా కాంకర్డ్ అనే పల్లెకు పంపేసింది. తరగతి ఎన్నుకున్న కవి తన పద్యం చదివే రోజుకు లేడు! ఆ పద్యాన్ని అచ్చువేయించి పంచుకున్నారు. అందులో బానిసత్వ వ్యతిరేకులను వెక్కిరించాడు. తరవాత కొద్ది ఏళ్లకే తానే బానిసత్వానికి ఎదురునిలిచిన కవుల్లో ముందువరసలో నిలిచాడు. పాలకవర్గం శిక్షించినవాణ్ణి కూడా తరగతి తన కవిగానే ఉంచుకుందంటే ఆ రోజు ఎవరి చేతిలో ఉండేదో తెలుస్తుంది.

ఇక మీ 1880 శుక్రవారానికి వద్దాం. పదవులకు ఎన్నికలు ముందే అయిపోయి ఉంటాయి: మార్షల్ (కార్యక్రమాన్ని నడిపించేవాడు), ఉపన్యాసకుడు, కవి, పాట రాసేవాడు, ఐవీ ఉపన్యాసకుడు, తరగతి కార్యదర్శి. ఈ ఎన్నికల్లో రాజకీయం తక్కువేమీ కాదు. పోర్సెలియన్, హేస్టీ పుడింగ్ వంటి క్లబ్బులవాళ్లు ఒక పక్క, ఏ క్లబ్బూ పిలవని కుర్రాళ్లు ఒక పక్క. మీ నాయకుడు ఏ పక్కవాడో నిర్ణయించుకోండి, కథంతా దానిమీద నడుస్తుంది. అన్నట్టు, తరవాత అమెరికా అధ్యక్షుడైన థియొడోర్ రూజ్‌వెల్ట్ ఆ తరగతివాడే, పోర్సెలియన్ సభ్యుడే. అప్పటికే చెస్ట్‌నట్ హిల్‌లో ఉండే ఆలిస్ లీతో నిశ్చితార్థం అయిపోయింది. ఒక్క వాక్యంలో అలా దాటించండి చాలు, అంతకంటే వాడుకుంటే మీ నాయకుణ్ణి మింగేస్తాడు.

పొద్దున ప్రార్థన. తరవాత శాండర్స్ థియేటర్‌లో ఉపన్యాసం, పద్యం. తరగతి పాటను ఎప్పుడూ కాలేజీ గీతం "ఫెయిర్ హార్వర్డ్" బాణీలోనే కట్టేవారు, ఏటా మాటలు కొత్తవి. శాండర్స్ థియేటర్ మెమోరియల్ హాల్లో భాగం. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది పక్షాన పోరాడి చనిపోయిన 136 మంది హార్వర్డ్ వాళ్ల పేర్లు ఆ భవనం గోడలకున్న పలకలమీద ఉన్నాయి. 1880లో ఆ యుద్ధం ముగిసి 15 ఏళ్లే. అమ్మాయిల నవ్వులు, పట్టు టోపీలు ఆ పలకల ముందునుంచే లోపలికి వెళ్తాయి. ఐవీ ఉపన్యాసం మాత్రం వేరే తరహా. ఒకప్పుడు నిజంగానే గోడపక్క ఐవీ తీగ నాటుతూ చేసే ప్రసంగం అది. రానురాను తీగ సంగతి మరిచిపోయి, ప్రొఫెసర్లనూ తోటివాళ్లనూ ఆటపట్టించే హాస్యప్రసంగంగా మిగిలింది. మొత్తం రోజులో జనం చెవులు రిక్కించి వినేది దాన్నే.

మధ్యాహ్నం స్ప్రెడ్‌లు. హాస్టల్ గదుల్లో, దగ్గరి హాళ్లలో సీనియర్లు ఒంటరిగానో కలిసో పెట్టే విందులు. స్ట్రాబెర్రీలు, ఐస్‌క్రీమ్, లాబ్‌స్టర్ సలాడ్. పిలుపులు ముందే పోస్టులో వెళ్తాయి. ఒక అమ్మాయి చేతిలో ఎన్ని స్ప్రెడ్‌ల కార్డులున్నాయన్నది ఆ రోజు బోస్టన్‌లో పెద్ద ప్రతిష్ఠ. డబ్బులేని విద్యార్థికి ఈ నాలుగు గంటలూ నరకం. తల్లిని తీసుకుని ఏ గదికి వెళ్లాలి? ఎవరు పిలుస్తారు? మేము సర్దిన ఆల్బమ్‌లలో పట్టుమని పది కార్డులు అతికించుకున్నవాడి పక్కనే ఒక్క కార్డూ లేని పేజీలు కూడా ఉండేవి. మీ సన్నివేశం టోపీల దగ్గర కాదు, ఇక్కడ ఉంది అని నాకనిపిస్తుంది.

సాయంత్రం చెట్టు. హాలిస్ హాల్, హార్వర్డ్ హాల్, హోల్డెన్ చాపెల్ మధ్యనున్న చిన్న ఆవరణలో ఒక ముసలి ఎల్మ్ చెట్టు ఉండేది. దానిచుట్టూ ఆ రోజుకోసం చెక్కతో మెట్లమెట్లుగా గ్యాలరీ కట్టేవారు. అందులో కూర్చోవడానికి టికెట్లు, వాటికోసం పైరవీలు. చెట్టు మానుకు, మనిషి చేతికి అందనంత ఎత్తున, పూలదండ గట్టిగా చుట్టి కట్టేవారు. కింద చెట్టుచుట్టూ చిన్న తరగతులవాళ్లు వలయాలుగా చేరతారు. చివరికి సీనియర్లు వస్తారు. పొద్దుటి పట్టు టోపీలూ డ్రెస్ సూట్లూ మాయం. చిరిగినా ఫరవాలేదనుకున్న పాతబట్టలు, పాత బూట్లు. పాటలు పాడతారు, ప్రెసిడెంటుకు, అధ్యాపకులకు, ఆడవాళ్లకు, ఇతర తరగతులకు జేజేలు కొడతారు. అంతకుముందో తరవాతో భవనం భవనం ముందూ ఆగి, నాలుగేళ్లు తాము నిద్రపోయిన ఇటుక గోడలకు కూడా జేజేలు కొట్టడం వాళ్ల ఆచారం.

ఆపైన మార్షల్ సైగ చేస్తాడు. అంతే, చెట్టుమీద పడతారు. ఒకడి భుజాలమీద ఇంకొకడు, వాణ్ణి కాళ్లు పట్టి లాగేవాడు ఇంకొకడు. కృష్ణాష్టమినాడు ఉట్టి కొట్టడం చూసినవాళ్లకు ఆ దృశ్యం చెప్పక్కర్లేదు, నీళ్లు చిమ్మేవాళ్లు మాత్రం ఉండరు. చొక్కాలు పేలికలవుతాయి, ముక్కులు పగులుతాయి. దండ తెగి ముక్కలై, దొరికినవాడు దొరికినన్ని పూలు పీక్కుని, గ్యాలరీలో కూర్చున్న తల్లికో చెల్లికో ప్రేయసికో తెచ్చి ఇస్తాడు. ఎవరికిచ్చాడన్నది అందరూ చూస్తారు. బోస్టన్ పెద్దింటి ఆచారాల్లో ఒక కుర్రాడు తన మనసు అంతమందిముందు చెప్పడానికి ఇంతకంటే మంచి అవకాశం లేదు. మీ కథలో నాయిక ఉంటే ఆమెను గ్యాలరీలో మూడో మెట్టుమీద కూర్చోబెట్టండి.

చీకటి పడ్డాక ఆవరణ అంతా కాగితపు లాంతర్లు, ఎల్మ్ చెట్లకొమ్మల మధ్య తీగలమీద వేలాడుతూ, లోపల కొవ్వొత్తులు. విద్యార్థుల గాయక బృందం గ్లీ క్లబ్ పాడుతుంది, బ్యాండు వాయిస్తుంది, ప్రెసిడెంటు ఇంట అతిథులను ఆహ్వానిస్తారు, మెమోరియల్ హాల్లో నృత్యం. దీనిగురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, అందరూ అందంగా ఉందనే రాశారు.

ఇంత ఆర్భాటం ఎందుకు అంటే, అప్పటి కాలేజీలో తరగతి అనేది మనమనుకునే బ్యాచ్ కంటే చాలా బరువైన బంధం. శతాబ్దం మొదటి సగంలో అందరూ అవే పాఠాలు, అదే లాటిను, అదే గ్రీకు, అవే గదుల్లో, నాలుగేళ్లపాటు ఒకే వరసలో అప్పజెప్పేవారు. యాభై అరవైమంది. ఎవడికి ఏ పద్యం రాదో అందరికీ తెలుసు. అందుకే విడిపోయేటప్పుడు తరగతి పుస్తకంలో ప్రతివాడూ తన జీవితచరిత్ర సొంత చేతిరాతతో రాసి పెట్టేవాడు. కార్యదర్శి పదవి జీవితాంతం ఉండేది. ఎవరు పెళ్లిచేసుకున్నారు, ఎవరు పోయారు అని ఏళ్లతరబడి రాస్తూ ఉండాల్సింది అతనే. 1852 తరగతికల్లా జాన్ ఆడమ్స్ విపుల్ ఫొటోలు తీయడంతో ఆల్బమ్‌లు కూడా వచ్చాయి. యేల్ కాలేజీలోనైతే తరగతిలో అందరికంటే ముందు ఎవరికి కొడుకు పుడితే ఆ బిడ్డకు అందరూ చందాలేసుకుని వెండి కప్పు ఇచ్చేవారు, ఆ పిల్లవాడికి "క్లాస్ బాయ్" అని పేరు. హార్వర్డ్ 1829 తరగతివాడైన కవి ఆలివర్ వెండెల్ హోమ్స్ తన తరగతి కలుసుకునే విందుకోసం 1851 నుంచి 1889 దాకా దాదాపు ఏటా ఒక పద్యం రాశాడు. ఏటా కుర్చీలు తగ్గిపోతున్నా రాస్తూనే ఉన్నాడు.

1869లో చార్ల్స్ ఎలియట్ ప్రెసిడెంటయ్యాక ఎవరికి కావలసిన పాఠాలు వాళ్లు ఎంచుకోవచ్చన్నాడు. చదువుకు అది మంచిదే. కానీ అంతటితో తరగతి ఒక గదిలో కూర్చోవడం మానేసింది, సంఖ్య వందల్లోకి పెరిగింది. పక్కవాడి పేరు తెలియని తరగతి కూడా చెట్టుమీద పడి కొట్టుకుంటే అది ఆప్యాయత అనిపించుకోదు, తొక్కిసలాటే. 1897తో ఆ చెట్టు తంతు ఆగిపోయింది. మరుసటి ఏడాది నుంచి జాన్ హార్వర్డ్ విగ్రహం దగ్గర సీట్లు వేసి రంగుకాగితాలు, పూలు విసురుకోవడంతో సరిపెట్టారు, ఆపైన స్టేడియానికి మార్చారు. దెబ్బలు తగులుతున్నాయని ఆపారన్నది నిజమే కానీ, దెబ్బలు అంతకుముందూ తగిలేవి. తగిలించినవాడు స్నేహితుడు కాకపోవడమే అప్పటికి వచ్చిన తేడా అని నేననుకుంటాను.

అయితే ఆ పెరిగిన తరగతే ఒక మంచిపని కూడా చేసింది. 1890 తరగతి తన క్లాస్ డే ఉపన్యాసకుడిగా క్లెమెంట్ మోర్గన్‌ను ఎన్నుకుంది. ఆయన 1859లో వర్జీనియాలో బానిసగా పుట్టి, మంగలిపని చేసుకుంటూ చదువుకున్న నల్లజాతివాడు. ఈ ఎన్నిక దేశమంతా పత్రికలకెక్కింది. అదే తరగతిలో, తరవాత నల్లజాతి హక్కుల నాయకుడైన డబ్ల్యూ. ఇ. బి. డుబోయిస్ కూడా ఉన్నాడు. అధ్యాపకుల చేతిలో ఉన్న కమెన్స్‌మెంట్ వేదికకు ఇద్దరి పేర్లూ వచ్చాయి కానీ, ఇద్దరు నల్లవాళ్లు ఎక్కువవుతారని మోర్గన్‌ను తప్పించారు. డుబోయిస్ ఒక్కడే మాట్లాడాడు, అదీ బానిస రాష్ట్రాల అధ్యక్షుడిగా ఉన్న జెఫర్సన్ డేవిస్ గురించి. విద్యార్థుల రోజుకూ కాలేజీ రోజుకూ ఉన్న తేడా ఇంతకంటే స్పష్టంగా ఎక్కడా కనిపించదు.

ఇతర కాలేజీల గురించి కూడా ఒక మాట అడిగారు. యేల్‌లో సీనియర్లు బల్లలమీద కూర్చుని పొడుగాటి మట్టి పైపులు కాలుస్తూ తమ తరగతి చరిత్రలు విని నవ్వుకునేవారు. ప్రిన్స్‌టన్‌లో నేలలో పాతిన పాత ఫిరంగి దగ్గర చేరి ఆ పైపులను దానిమీదే కొట్టి విరగ్గొట్టేవారు. అక్కడ నాస్సావ్ హాల్ అనే పాత భవనం గోడలమీద ఐవీ నాటిన తరగతుల సంవత్సరాలు చెక్కిన రాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అమ్మాయిల కాలేజీలు ఈ ఆచారాలను తీసుకుని తమకు తగ్గట్టు మార్చుకున్నాయి. వాసర్‌లో 1867లో మొదటి తరగతి నలుగురే, స్మిత్‌లో 1879లో పదకొండుమంది. స్మిత్ ఐవీ డే, వెల్‌స్లీ ట్రీ డే, వాసర్ డెయిజీ పూలమాల ఊరేగింపు ఆ తరంలో పుట్టినవే. తెల్లని గౌన్లు, మొక్కలు నాటడం, పాటలు. దండకోసం కొట్టుకోవడం లేదు, దండను అందరూ కలిసి మోయడం ఉంది.

మనవాళ్ల సంగతికొస్తే, 1886 మార్చి 11న ఫిలడెల్ఫియాలో మహిళా వైద్య కళాశాల నుంచి ఆనందీబాయి జోషీ పట్టా తీసుకున్నారు. ఆ రోజు చూడటానికే పండిత రమాబాయి ఇంగ్లండు నుంచి ఓడెక్కి వచ్చారు. ఇక్కడ మద్రాసులో 1857లో పుట్టిన యూనివర్సిటీ పరీక్షలు పెట్టి పట్టాలిచ్చేదేగానీ పాఠాలు చెప్పేది కాదు. రాజమండ్రిలోనో బందరులోనో చదివినవాడు పట్టాకోసం మద్రాసు వెళ్లి, ఎక్కడెక్కడినుంచో వచ్చిన అపరిచితుల మధ్య నిలబడేవాడు. అలాంటిచోట క్లాస్ డే పుట్టే వీలే లేదు.

ఇక మీ రాతప్రతిలో మార్చుకోవాల్సిన చిన్నవి. నాయకుడి తల్లి బోస్టన్ బౌడొయిన్ స్క్వేర్ నుంచి గుర్రాలు లాగే ట్రాములో రావాలి, కరెంటు ట్రాములు 1889 మాట. ఆవరణలోకి ఇనుప కమ్మీల పెద్ద గేటులోంచి ప్రవేశించినట్టు రాశారు, ఆ జాన్‌స్టన్ గేటు అప్పటికింకా కట్టలేదు. జాన్ హార్వర్డ్ విగ్రహం పాదం ముట్టుకునే సన్నివేశం తీసేయండి, విగ్రహం పెట్టింది 1884లో. క్రిమ్సన్ రంగు రిబ్బను ఉంచొచ్చు, 1875లోనే విద్యార్థులు ఆ రంగుకు ఓటేశారు. నాయకుడికి హోల్‌వర్తీ హాల్లో గది ఇస్తే మంచిది, సీనియర్లు కోరుకునేది దాన్నే. చెట్టు దగ్గరికి వెళ్లే ముందు బట్టలు మార్చుకోవడానికి అతను పరుగెత్తాల్సిన దూరం కూడా సరిపోతుంది.